తెరిచి కట్టిన గేటు

ఏప్రిల్ 5, శనివారం

వచ్చేశాం. లీడ్స్ నుంచి గంటన్నర అన్నాడు మా ఆయన రోజర్, మూడు గంటలు పట్టింది. దారిలో ఒక టీ, ఒక పోట్లాట. దేని గురించి పోట్లాడుకున్నామో ఇప్పుడు గుర్తు లేదు, అంటే గెలిచింది నేనే అయ్యుంటాను.

థోర్న్‌బెక్‌లో పాతిక ఇళ్ళు కూడా లేవు. మేం దిగింది ఊరవతల, ఆల్డర్సన్ల గొర్రెల పొలంలో. ఒకప్పుడు ఆవుల్ని కట్టేసుకున్న రాతి కొట్టానికి కిటికీలూ పరుపులూ పెట్టి సెలవులకొచ్చే మాలాంటి వాళ్ళకి అద్దెకిస్తున్నారు. పొలం చూసుకునేది ఇయన్. మా తాళంచెవి ఇచ్చి, అల్లం కేకు పెట్టింది ఆయన భార్య జానెట్. ఇయన్ వాళ్ళ నాన్న క్లిఫర్డ్ గారికి ఎనభై ఒకటి. ఆయన వెనకాల నీడలా తిరిగే నలుపూ తెలుపూ కుక్క పేరు మాస్.

"మామయ్య ఈమధ్య కొంచెం మర్చిపోతున్నారు. చెప్పిందే మళ్ళీ చెబితే ఏమీ అనుకోకండి" అంది జానెట్ గొంతు తగ్గించి. ఆయనకి వినబడనే వినబడింది. "మర్చిపోయి కాదు తల్లీ. ఈవిడ టీచరమ్మ కదా, మంచి మాట రెండుసార్లు చెబితే ఆనందపడుద్దని" అన్నాడు నాకేసి చూసి. నాకు ఆయన వెంటనే నచ్చేశాడు.

వారం రోజులు. బళ్ళో గొడవలు తలుచుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే గోడ పొడుగునా డాఫొడిల్స్, వాటవతల గొర్రెపిల్లలు. రోజర్ అప్పుడే దుర్భిణీ తీశాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున కొండ మీదికి నడిచాం. ఈ ఏడాది మొదటి తీతువు పిట్టల్ని చూశాడు రోజర్. వాటిని చూసినంత ప్రేమగా నన్ను చూసి ఎన్నేళ్ళయిందో.

పైన రెండు చేలున్నాయి. గోడవతల ఎత్తు మీద తల్లులూ పిల్లలూ మేస్తున్నాయి. కింది చేలో ఒక పాత గొర్రెల కొట్టం ఉంది. రెండింటికీ మధ్య గేటు బార్లా తెరిచి ఉంది. నీలం రంగు గడ్డిమోపు తాడుతో గోడలో రాయికి కట్టేసి ఉంది.

"చూడు, ఎవరో వెయ్యడం మర్చిపోయారు" అన్నాను.

"కట్టేసి ఉంటే మర్చిపోవడమేంటి?"

"పని చేసుకునేటప్పుడు గాలికి కొట్టుకోకుండా కట్టుకుని ఉంటారు. తర్వాత అలాగే వెళ్ళిపోయారు."

"వదిలెయ్ హిలరీ. మన గేటు కాదు."

ఇరవై ఆరేళ్ళుగా పిల్లల్ని పొలాలకి తీసుకెళ్తున్నాను. ఎవడు కడపట వస్తే వాడు గేటు వెయ్యాలని, వేసి గొళ్ళెం పడ్డ చప్పుడు విని మరీ రావాలని నేర్పినదాన్ని. తెరిచిన గేటు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. తాడు ముడి విప్పడం నా వల్ల కాలేదు, గట్టి ముడి. రాయి మీంచి పైకి లాగితే ఊడొచ్చింది. గేటు వేశాను. తాడు గొర్రెపిల్లలు నమిలి చస్తాయని కోటు జేబులో పెట్టుకున్నాను. పొలమంతా నేనే కాపలా కాస్తున్నట్టు అనిపించింది. రోజర్ సలాం కొట్టాడు.

మధ్యాహ్నం నుంచి గాలి తిరిగింది. ఇంత చలి ఏప్రిల్‌లో ఏంటో. చీకటి పడకముందే పడుకుంటున్నాను, కాళ్ళు పీకుతున్నాయి.

ఏప్రిల్ 7, సోమవారం

ఐదు గొర్రెపిల్లలు చనిపోయాయి.

రాత్రంతా మంచుగడ్డలు కలిసిన వాన కురిసిందట. మాకు తెలియనే లేదు, హాయిగా నిద్రపోయాం. పొద్దున వాకిట్లో ఇయన్ గొంతు వినబడి కిటికీ దగ్గరికెళ్ళాను. నాలుగు చక్రాల బండి వెనక తట్టలో ఐదూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. తడి బట్టలనుకున్నాను మొదట.

"నేనడిగాను కదా నాన్నా. నిన్న సాయంత్రం అడిగాను కదా, గేటు కట్టావా అని."

"కట్టాను."

"కడితే వేసుంది ఎందుకు? గొళ్ళెం కూడా పెట్టుంది. తల్లులన్నీ గేటుకానుకుని నిలబడ్డాయి. కొట్టం యాభై అడుగుల్లో ఉంది, ఒక్కటీ పోలేకపోయింది."

"పొద్దున కట్టానురా. కట్టాననే అనుకుంటున్నా."

ఆ "అనుకుంటున్నా" అనే మాట అనేటప్పుడు ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నా చేతిలో రొట్టె ముక్క ఉంది. అది అలాగే ఉండిపోయింది.

తర్వాత జానెట్ వచ్చింది, వేడినీళ్ళు సరిగ్గా వస్తున్నాయా అని అడగడానికి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తనే చెప్పింది. పిల్లలు పుట్టిన నెలంతా ఆ గేటు తెరిచి కట్టేస్తారట. వాతావరణం చెడితే తల్లులే పిల్లల్ని వెంటేసుకుని కింది కొట్టంలోకి వెళ్ళిపోతాయట. క్లిఫర్డ్ గారి తాత నాటి నుంచీ అంతేనట.

"నిన్న మీరేమన్నా అటు వెళ్ళారా? పైకి?" అంది. మామూలుగానే అడిగింది. మమ్మల్ని అనుమానించాలన్న ఆలోచన కూడా ఆవిడకి లేదు.

నేను నోరు తెరిచేలోపు రోజర్ అన్నాడు, "లేదండీ, మేం వాగు వైపు వెళ్ళాం."

"అవును" అన్నాను నేను.

రోజర్ అబద్ధమాడాడు అని రాయబోయాను. "అవును" అన్నది నేను.

ఏప్రిల్ 7, మళ్ళీ

నిజానికి గేటు పూర్తిగా తెరిచి లేదేమో. సగం వాలి ఉన్నట్టు గుర్తు. నా తర్వాత ఇంకెవరైనా వెళ్ళి ఉండొచ్చు. ఆ వానలో ఎవరు వెళ్తారు అంటాడు రోజర్. నా పక్షాన మాట్లాడాల్సిన చోట నిజం మాట్లాడతాడు ఈ మనిషి.

ఏప్రిల్ 8, మంగళవారం

చెప్పేద్దామని గొర్రెల కొట్టంలోకి వెళ్ళాను. క్లిఫర్డ్ గారు ఒక్కరే ఉన్నారు, గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని. ముందు చచ్చిపోయిన పిల్ల. చేతిలో చిన్న కత్తి.

"రా అమ్మాయ్. చూడలేకపోతే అటు తిరుగు."

ఆయన దాని చర్మం ఒలుస్తున్నాడు. స్వెటర్ విప్పినంత తేలిగ్గా వచ్చేసింది, కాళ్ళు దూర్చడానికి నాలుగు కన్నాలతో సహా. పక్కన అట్టపెట్టెలో నిన్న పుట్టిన పిల్ల ఒకటి ఒణుకుతోంది. మూడు పిల్లల్ని కన్న తల్లి దాన్ని తోసేసిందట, పాలు చాలక. దానికి ఈ చర్మం తొడిగాడు. అన్న కోటు తమ్ముడికేసినట్టు వదులుగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి పిల్ల పోయిన తల్లి ముందు వదిలాడు.

తల్లి వాసన చూసింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చి చూసింది. కాసేపటికి అదేదో గొంతులోంచి గుర్రుమని పిలిచింది. పిల్ల పొదుగు కిందికి దూరి తోక ఆడించింది.

"తన బిడ్డే అనుకుంటది. మూడు రోజుల్లో చర్మం తీసేస్తాం. అప్పటికి దీని వాసనే అలవాటైపోద్ది" అన్నాడు. తర్వాత చేతులు గడ్డికి తుడుచుకుంటూ, "ఈ పని నా చేతులు మర్చిపోలా చూశావా? గేటు ఎట్టా మర్చిపోయిందో బుర్ర. నాకు కట్టినట్టే ఉంది తల్లీ. నీలం తాడుతో. కానీ అది పోయినేడు కట్టిందేమో. ఏ ఏడుదో తెలియకుండా కలిసిపోతన్నాయి."

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. మీరు కట్టారు, నేను విప్పాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు కూడా చెప్పగలిగిన మాట.

"మీరు చాలా అలిసిపోయి ఉన్నారు క్లిఫర్డ్ గారూ" అన్నాను. అని వచ్చేశాను.

ఇంటికొచ్చి, తాడు చెత్తబుట్టలో పారేశాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఎండ. రోజర్ పదకొండు రకాల పిట్టల్ని చూశాడు.

ఏప్రిల్ 10, గురువారం

జానెట్ టీకి పిలిచింది. వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళకపోతే ఏమనుకుంటారో అని వెళ్ళాం.

పొయ్యి పక్కన క్లిఫర్డ్ గారు, కాళ్ళ దగ్గర మాస్. తలుపు పక్కన కొక్కేనికి ఆయన చేలోకి తోలుకెళ్ళే బండి తాళంచెవి వేలాడేది, మొన్నటిదాకా. కొక్కెం ఖాళీగా ఉంది. ఆయన కళ్ళు మాటిమాటికీ అటే పోతున్నాయి.

మా ముందే మాట్లాడుకున్నారు. ఇక ఆయన ఒంటరిగా చేలోకి వెళ్ళకూడదు. ఈ నెలాఖరుకి డార్లింగ్టన్‌లో కూతురు జూడీ దగ్గరికి పంపుతారు. మేడమీద ఫ్లాటు, కుక్కకి కుదరదు. మాస్‌ని లోయకవతల ఒక రైతు అడుగుతున్నాడు.

"మంచి మనిషే నాన్నా. దానికి పని ఉంటుంది" అన్నాడు ఇయన్. కోపం లేదు గొంతులో. కోపంగా అన్నా బాగుండేది.

"నువ్వనుకున్నట్టే కానీరా. ఐదు పిల్లలంటే మాటలు కాదు" అన్నాడు క్లిఫర్డ్ గారు. కప్పు సాసర్లో పెట్టాడు, చాలా నెమ్మదిగా. "నేనే వేసుంటాలే. గాలి లేచింది కదా, గేటు కొట్టుకుంటుందని వెళ్ళి వేసుంటా."

జానెట్ నాకు కేకు ఇంకో ముక్క పెట్టింది. తిన్నాను. నోరు ఖాళీగా ఉంటే మాట బయటపడుతుందేమోనని తిన్నాను.

ఇంటికి రాగానే రోజర్‌తో అన్నాను, రేపు చెప్పేస్తానని.

"చెబితే ఏమవుతుంది? పిల్లలు లేచొస్తాయా? ఆయనకి మతిమరుపు ఉన్నమాట నిజమే కదా. ఇవాళ కాకపోతే వచ్చే ఏడాదైనా పంపేవాళ్ళే."

"ఇవాళ పంపుతున్నది నా గేటు వల్ల."

"ఎల్లుండి వెళ్ళిపోతున్నాం హిలరీ."

అతను చెప్పినదాంట్లో సబబుంది అనుకున్నాను. పడుకునేదాకా అనుకున్నాను.

ఏప్రిల్ 12, శనివారం

ఇల్లు వదిలే ముందు అతిథుల పుస్తకంలో నాలుగు మాటలు రాయాలి, ఆనవాయితీ. పెన్ను పట్టుకుని పావుగంట కూర్చున్నాను. నాకంటే ముందు వచ్చిన వాళ్ళు రాశారు: "క్లిఫర్డ్ గారు మా పాపకి గొర్రెపిల్లకి పాలు పట్టడం నేర్పారు. ఎప్పటికీ మర్చిపోం."

నేనిలా రాశాను: "ఎంతో ప్రశాంతమైన వారం. మీ ఆదరణకి కృతజ్ఞతలు. హిలరీ, రోజర్."

పేరు రాసేటప్పుడు నా దస్తూరీ ఎంత గుండ్రంగా వచ్చిందో. పిల్లల నోటు పుస్తకాల్లో "సత్యం చెప్పినందుకు శభాష్" అని రాసేది కూడా ఈ చేత్తోనే.

వాకిట్లో క్లిఫర్డ్ గారు టోపీ ఎత్తారు. "మళ్ళీ రండి. నేనుండను, గొర్రెలుంటాయి" అన్నారు నవ్వుతూ.

ఏప్రిల్ 15, మంగళవారం

తాడు పారేశానని రాశాను. పారేయలేదు. కోటు జేబులోనే ఉంది. ఇక్కడ కూడా అబద్ధం రాశానంటే ఎవరి కోసం రాశానో నాకే తెలియడం లేదు.

ఏప్రిల్ 16

ఏమీ లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. రోజర్ వాళ్ళ చెల్లెలింట్లో భోజనం. గొర్రెపిల్ల మాంసం, పుదీనా పచ్చడి. నాకు కడుపులో బాగా లేదన్నాను. "ఊళ్ళో ఏం తిన్నావో ఏమో" అంది మా ఆడపడుచు. కేకు తిన్నాను అన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

బడి తెరిచారు. నా గది గోడ మీద "పల్లెకెళ్ళినప్పుడు పాటించవలసినవి" అనే కాగితం ఉంది. ప్లాస్టిక్ పూత వేయించి నేనే అంటించాను, తొమ్మిదేళ్ళ కిందట. మూడో వరస: "గేట్లు మీరు చూసినప్పుడు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్ళండి."

తొమ్మిదేళ్ళుగా పిల్లల చేత పైకి చదివిస్తున్నాను. చదివించి, "అంటే గేటు వెయ్యాలన్నమాట" అని నేనే అర్థం చెబుతున్నాను. ఇవాళ ఒక్కదాన్నే దాని ముందు నిలబడి చదివాను. ఉన్నది ఉన్నట్టు వదిలేయడం నాకు ఏనాడూ చేతకాలేదు. నాకు తెలియంది ఎవరికో తెలిసే ఉంటుందన్న ఆలోచన ఏనాడూ రాలేదు.

ఏప్రిల్ 23, బుధవారం

బడి నుంచి రాగానే ఫోన్ చేశాను. ముందు కాగితం మీద రాసుకుని చేశాను. ఇయన్ ఎత్తాడు. చెప్పేశాను, అంతా. తాడు సంగతి, గేటు సంగతి.

ఇయన్ నవ్వినట్టే అన్నాడు, "మీ మనసు చాలా మంచిదండీ హిలరీ గారూ. నాన్న మీద అభిమానంతో అంటున్నారు, నాకు తెలుసు. జానెట్ కూడా ఆయన కోసం ఏదో ఒక కథ అల్లమనే అంటోంది. కానీ మీరు ఆ రోజు వాగు వైపు వెళ్ళారు కదా. మీ ఆయన చెప్పారు."

"అది అబద్ధం."

"పర్లేదండీ. ఉండండి, నాన్నకిస్తాను. మీ గొంతు వింటే సంతోషిస్తాడు."

క్లిఫర్డ్ గారికి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"లేదు తల్లీ. నేనే వేశాను. ఇప్పుడు బాగా గుర్తుకొచ్చింది" అన్నాడు. "సాయంత్రం వెళ్ళాను. వాన మొదలైంది. గొళ్ళెం ఐసులా ఉంది. ఇదిగో, ఈ వేలికి ఇంకా తెలుస్తానే ఉంది. మొదట్లో గుర్తు లేదు కానీ, రోజూ తలుచుకోగా తలుచుకోగా వచ్చింది. నా తప్పు ఇంకొకళ్ళు మొయ్యడమేంటి, తప్పు కదూ."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఆయన బుర్రలోంచి ఒక నిజం తీసేసుకున్నాను. ఆ ఖాళీలో ఆయనే కూర్చుని, పాపం, ఒక అబద్ధాన్ని కట్టుకున్నాడు. వానతో సహా, చల్లటి గొళ్ళెంతో సహా. రెండు వారాలు నేను నోరు మూసుకుని ఆయనకి వ్యవధి ఇచ్చాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

"నువ్వు మళ్ళీ థోర్న్‌బెక్ వెళ్తే నేను అబద్ధమాడానని తెలిసిపోతుంది" అన్నాడు రోజర్.

"తెలియనీ."

"నేను రాను."

"రావద్దు."

ఏప్రిల్ 26, శనివారం

పొద్దున్నే బయల్దేరాను. దారి పొడుగునా పక్క సీటు మీద తాడు పెట్టుకుని. బెల్టు కూడా పెట్టానంటే ఎవరైనా నవ్వుతారు. పెట్టాను.

వంటింట్లో ముగ్గురూ ఉన్నారు. తలుపు దగ్గర క్లిఫర్డ్ గారి సూట్‌కేసు. పొయ్యి ముందు మాస్ పడుకునే గోనెపట్టా ఉంది, మాస్ లేదు. నన్ను చూసి జానెట్ "అయ్యో, ఇంత దూరం వచ్చారా" అని టీ పెట్టబోయింది. వద్దన్నాను. ఏమీ మాట్లాడలేదు, ఎందుకంటే నా మాటకి ఆ ఇంట్లో విలువ పోయింది, పోగొట్టుకున్నది నేనే. తాడు తీసి క్లిఫర్డ్ గారి చేతిలో పెట్టాను.

ఆయన ముందు నన్ను చూశాడు. తర్వాత దాన్ని. బొటనవేలు ముడి మీదికి పోయింది. ఆగింది. ముడిని ఒకసారి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇది నా ముడి" అన్నాడు.

ఇయన్ దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"మా నాన్న నేర్పింది. చివర రెండుసార్లు వెనక్కి తిప్పుతాం, గొర్రె లాగినా జారకుండా. ఇయన్‌కి ఎన్నిసార్లు నేర్పినా రాలా." తాడుని వెలుతురుకి పట్టాడు. "ఈ నీలం తాడు ఈ ఏడే కొన్నాం. పోయినేటిది నారింజ. జానెట్, పోయినేటిది నారింజే కదూ?"

"నారింజే మామయ్యా" అంది జానెట్.

"నువ్వు ముడి విప్పలా. రాయి మీంచి లాగేశావు."

"అవునండీ. విప్పడం చేతకాలేదు."

"అంటే కట్టాను."

"కట్టారు."

"కట్టానురా" అన్నాడు కొడుకుతో. మళ్ళీ ఎవరికీ కాకుండా, "కట్టాను" అన్నాడు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఇయన్ కుర్చీలో కూర్చుండిపోయాడు. "ఐదు పిల్లలు పోతే పోయాయి. ప్రతి ఏడూ ఎన్నో కొన్ని పోతాయి" అన్నాడు నా వైపు చూడకుండా. "మూడు వారాలుగా ఆయన్ని నేను ఎట్టా చూశానో మీకు తెలుసా?" లేచి జేబులోంచి బండి తాళంచెవి తీసి కొక్కేనికి తగిలించాడు. బయటికెళ్ళిపోయాడు.

"జూడీకి ఫోన్ చెయ్యాలి" అంది జానెట్, సూట్‌కేసు తలుపు దగ్గర నుంచి పక్కకి జరుపుతూ.

"మరి మాస్?" అన్నాను. అడిగే హక్కు నాకు లేదు.

"నిన్న తీసుకెళ్ళారు. ఇచ్చేసిన కుక్కని తిరిగి ఎట్టా అడుగుతాం" అన్నాడు క్లిఫర్డ్ గారు.

"తప్పయిపోయింది క్లిఫర్డ్ గారూ."

"అయింది" అన్నాడు.

పర్లేదు అంటాడని లోపల ఎక్కడో ఆశ పెట్టుకునే వచ్చానని ఆ క్షణంలో తెలిసింది. అనలేదు. అనకపోవడమే న్యాయం. ఆ ముడి మాత్రం వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాడు.

కారు తీసుకుని వాకిలి దాటాక, రోడ్డు మీంచి పొలంలోకొచ్చే గేటు దగ్గర ఆపాను, వెయ్యడానికి. దిగి, చెయ్యి వేసి, ఆగిపోయాను. నేను వచ్చినప్పుడు ఇది తెరిచి ఉందా, వేసి ఉందా? నేనే తెరిచి లోపలికొచ్చానా? పొద్దుటి మాట. రెండు గంటలు కూడా కాలేదు. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. తెరిచి ఉన్నట్టు అనిపించింది. గొళ్ళెం తీసినట్టూ అనిపించింది. రెండూ నిజంలాగే ఉన్నాయి.

కారక్కడే వదిలేసి వెనక్కి నడిచాను. క్లిఫర్డ్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిలో తాడుతో.

"గేటు" అన్నాను. "నేనొచ్చేటప్పటికి..."

"తీసుంది" అన్నాడు ఆయన, ఆలోచించుకోనక్కర్లేకుండానే. "నేనే తీశాను పొద్దున. అట్టాగే వదిలేసి వెళ్ళు."